ఇండెక్స్ చూపిన పదకొండు పొలాలు

నిజాంసాగర్ నీళ్లు ఎవరి పొలానికి ఏ రోజు వస్తాయో రైతుల ఫోన్లకు ముందురోజే తెలిపే ప్రోగ్రాము మంజులత రాసింది. బాన్సువాడలో రైతు సంఘం వాళ్లకు ఆమె మీద గురి. పెద్ద కాలువ, దాని కింద పిల్ల కాలువ, తూము, చివర పొలం. నాలుగు వేల పొలాలకూ నీళ్లు వచ్చే ఆ దారంతా కంప్యూటర్లో ఎక్కించి పెట్టింది.

ఏ తూముకు నీళ్లు వదిలితే ఏ పొలాలకు అందుతాయో వెతకడం తొందరగా సాగాలని ప్రతి దారినీ కుదించి, చిన్న గుర్తుగా, పొలాలను వెతికిచ్చే పట్టికైన ఇండెక్స్‌లో ఉంచింది. కుదిస్తే కొంత పోతుంది. రెండు వేరు వేరు దారులకు ఒకే గుర్తు పడొచ్చు. కావలసిన పొలాన్ని ఇండెక్స్ వదిలిపెట్టదు గానీ, సంబంధం లేనివాటినీ వెంట తెస్తుంది. అందుకే అది చూపిన ప్రతి పొలం అసలు దారిని తెరిచి మళ్లీ సరిచూడాలి. మంజులతకు ఇదంతా తెలుసు. కానీ ప్రోగ్రామును పరీక్షించినప్పుడు ఒక్క తప్పూ రాలేదు. మెసేజ్‌లు ఆలస్యమవుతున్నాయని ఆ సరిచూసే భాగం తీసేసింది.

జనవరిలో ఒక ఉదయం తండా నుంచి రైతు భీమ్లా వచ్చాడు.

"నీళ్లొస్తయని నీ మెసేజ్ చూసి నారు పీకించిన బిడ్డా. నాటు వేయనీకి ఆరుగురిని పిలిచిన. నీళ్లు ఫోన్ల వచ్చినయి గని పొలంల రాలె."

మంజులత కంప్యూటర్ తెరిచింది. భీమ్లా తూముకూ, ఎక్కడో వేరే కాలువ మీది తూముకూ ఒకే గుర్తు. నీళ్లు వదిలింది ఆ రెండోదానికి. అలా తప్పుడు మెసేజ్ వెళ్లిన పొలాలు పదకొండు.

"తప్పు నాదే కాకా," అంది. ముందు మిగతా పదిమందికీ ఫోన్ చేసింది. తర్వాత భీమ్లా వెంట పొలానికి వెళ్లింది.

అతని భార్య ధర్మి వాడిపోతున్న నారు కట్టల మీద బిందెతో నీళ్లు చల్లుతోంది.

"మా పొలం ఏ తూము కిందిదో గా మిషన్‌కు ఎర్క లేదా?"

"ఎర్కనే అవ్వా. నేనే దాన్ని అడగలె."

ఆ మధ్యాహ్నమే తీసేసిన భాగాన్ని తిరిగి పెట్టింది. గుర్తు పొడవు పెంచితే ఇలాంటి తప్పులు తగ్గుతాయి, పూర్తిగా పోవు. మెసేజ్‌లు నాలుగు నిమిషాలు ఆలస్యంగా వెళ్లసాగాయి. ఆలస్యం ఎందుకని సంఘం వాళ్లు అడిగితే, జరిగింది దాచకుండా చెప్పింది.

ఐదో రోజు భీమ్లా వంతు నీళ్లు వచ్చాయి. నారులో సగమే బతికింది. మిగతాది పక్క పొలం వాళ్లిచ్చారు.