నైవేద్యం అయ్యేదాకా

రెండేళ్ల క్రితం ఫ్రిస్కోలో మా ఇంట్లో వరలక్ష్మీ వ్రతం. పదకొండేళ్ల మా అమ్మాయి పొద్దున్నుంచీ "సో టైర్డ్ అమ్మా, కొంచెం పులిహోర ఇవ్వవా?" అంటూ నా వెనకే తిరిగింది. "నైవేద్యం కానిదే తినకూడదు. బద్ధకానికి సాకులు చెప్పకు" అని కసిరాను. హారతి వేళకు, పేరంటానికి వచ్చిన ఆంటీలందరి ముందూ కుప్పకూలింది.

తిన్నదాన్ని శక్తిగా మార్చే మైటోకాండ్రియా మా అమ్మాయి కణాల్లో పుట్టుకతోనే బలహీనమని పరీక్షల తర్వాత డాక్టర్ చెప్పారు. పస్తుంటే అవి ఇంకా అలిసిపోయి, హానిచేసే ఆక్సిజన్ రూపాలను వదిలి కణాన్నే దెబ్బతీస్తాయట. ఈ రకం లోపం తల్లి నుంచే వస్తుందట. నేనిచ్చినదాన్నే బద్ధకమని తిట్టాను.

ఆసుపత్రిలో కళ్లు తెరవగానే అది అడిగిన మాట, ఏ హారతి ముందు నిలబడినా నాకు వినిపిస్తుంది.

"పూజ అయిపోయిందా అమ్మా? ఇప్పుడు తినొచ్చా?"