ఇంగ్లాండు దవాఖాన

తొమ్మిదో తరగతిలో నేను బడి మానేస్తే మా ఇంట్లోవాళ్ళు ఏడ్చారు గానీ, లెక్కల సారు మాత్రం హాయిగా ఊపిరి పీల్చుకున్నాడు. తెలంగాణ ఇంకా రాని ఆ రోజుల్లో గోదావరిఖనిలో చదువు లేకపోయినా నోరుంటే పని దొరికేది. నాకు రెండు దొరికాయి: కాంట్రాక్టరు కింద బొగ్గు ఊడవడం, షిఫ్టు మారే వేళ గని గేటు దగ్గర యూనియన్ మీటింగులో అసలు నాయకుడు వచ్చేదాకా జనం కదలకుండా మైకు పట్టుకోవడం.

ఒక రోజు మీటింగులో డిమాండు, కాంట్రాక్టు కార్మికుల ఇంట్లోవాళ్ళకూ కంపెనీ దవాఖానలో వైద్యం కావాలని. (పర్మినెంటు వాళ్ళ కుటుంబాలకు మెడికల్ బుక్కు ఉండేది, మాకు లేదు. మా అమ్మ రెండు కళ్ళకూ పొర కమ్మి, బియ్యంలో రాళ్ళు వేళ్ళతో తడిమి ఏరేది.) యూనియన్లో అందరూ కాక అని పిలిచే పెద్దాయన నా చేతిలో ఒక కాగితం పెట్టాడు. రెండో ప్రపంచ యుద్ధమయ్యాక, బాంబులకు ఇళ్ళు కూలిన ఇంగ్లాండులో సర్కారు అందరికీ వైద్యం ఉచితం చేసిందట. కాగితంలో నాలుగు వాక్యాలే. నాయకుడు ఎంతకీ రాలేదు, నేను వాటినే సాగదీశాను. ఇక చూడండి నా ప్రతిభ! "యుద్ధమైపోయింది! ఇగ బుక్కు లేదు, చిట్టీ లేదు! దొరైనా కూలోడైనా ఒక్కటే లైను! కట్టుడు పండ్లు పెడ్తరు, కండ్లద్దాలిస్తరు, ఆపరేషన్ చేస్తరు!" ఒకటే చప్పట్లు. ఇంగ్లాండు అనే మాట మొదట్లో ఒక్కసారే అన్నాననీ, అప్పటికి అమ్మా, మా వాడకట్టు ఆడవాళ్ళూ ఇంకా రాలేదనీ నాకేం తెలుసు?

మర్నాడు నేను పనిలో ఉండగా తోటివాడొకడు ఉరికొచ్చాడు. "అన్నా, మీ అమ్మ దవాఖానల లైను కట్టింది. జల్ది పో!" పోయి చూద్దును కదా, కౌంటరు ముందు అమ్మ, ఆమె వెనక వాడకట్టు ఆడవాళ్ళు ఆరుగురు.

"బుక్కేది అవ్వా?" అంటున్నాడు గుమస్తా.

"యుద్ధమైనంక బుక్కు లేదు గద బిడ్డా?"

"ఏ యుద్ధం?"

"గది మా పోరన్ని అడుగు. మైకుల చెప్పిండు."

అందరి మొహాలూ నా వైపు తిరిగాయి. మైకు లేకపోతే నా గొంతు ఎంత చిన్నదో అప్పుడే తెలిసింది. "అమ్మా... గది ఇంగ్లాండుల" అన్నాను.

అమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "గట్లనా. మరి మనకాడ ఎప్పుడైతదిరా?"

నేను జేబులోంచి కాక ఇచ్చిన కాగితం తీసి, ఆ నాలుగు వాక్యాలూ మళ్ళీ చదివాను. అమ్మ మాత్రం కదల్లేదు. "వచ్చినం గద, డాక్టరమ్మను చూసే పోతం" అని అక్కడే నేల మీద కూర్చుంది. వెనక ఆరుగురూ కూర్చున్నారు. మధ్యాహ్నం రోగులందరూ వెళ్ళాక డాక్టరమ్మ బయటికొచ్చి, సంగతి విని, నవ్వాపుకోలేక, వరండాలోనే ఏడుగురి కళ్ళూ చూసింది. అమ్మకు పెద్దపల్లిలో జరిగే కంటి క్యాంపుకు చిట్టీ రాసిచ్చింది.

ఆపరేషనై పట్టీ విప్పిన రోజు అమ్మ ముందు నా మొహం చూసింది, తర్వాత నా గోళ్ళలో బొగ్గు చూసింది. నేను ఎప్పటిలాగే నోరు జారాను. (ఇప్పుడు నాకూ అద్దాలొచ్చాయి, ఆ మైకు మొనగాణ్ణి తలచుకుంటే నవ్వొస్తుంది, కాస్త ముద్దూ వస్తాడు.) "చూసినవా అమ్మా, నా ఉపన్యాసంతోనే నీకు కండ్లొచ్చినయ్!"

"నీతోని ఏమైందిరా? నువ్వు మాట్లాడి ఇంటికొచ్చినవ్. లైన్ల నిలబడ్డది నేను."