పక్కింటామె కోసం అడిగిన ప్రశ్న

మిర్యాలగూడలో మా పెద్దమ్మ పోయింది. రెండు వారాల కింద ఒక పొద్దున కోదాడలో నేను పిల్లలకు టిఫిన్ డబ్బాలు సర్దుతుంటే పెద్దనాన్న ఫోన్ చేసి, "మీ పెద్దమ్మ ఇగ లేదు బిడ్డా" అన్నాడు. రొమ్ము క్యాన్సర్. బాగా ముదిరాక గానీ మాకెవరికీ తెలియలేదు. ఇది రాస్తుంటే ఏడుపుతో పాటు కోపం కూడా వస్తోంది. ఎవరి మీదని అడిగితే చెప్పలేను.

పెద్దమ్మ ఇంట్లోనే జాకెట్లు కుట్టేది. ఆదివారం పొద్దున టీవీలో ఒక డాక్టరు, ఫోన్ చేసినవాళ్లకు జవాబులు చెప్పేవాడు. ఆ కాసేపు మిషన్ ఆగాల్సిందే, కుక్కర్ కూడా కూత పెట్టకూడదు. కాలినచోట పేస్టు పూయకుండా చల్లనీళ్లు పోయాలని మా ఇళ్లన్నిటికీ నేర్పింది ఆమే. "మా డాక్టర్ సెప్పిండు" అనేది, ఆయనేదో సొంత తమ్ముడైనట్టు. మీ ఇళ్లలోనూ ఇలాంటి పెద్దమ్మ ఒకామె ఉండే ఉంటుంది.

రెండేళ్ల కింద ఒక ఆదివారం ఆమెకే లైన్ కలిసింది. "మా పక్కింటామెకు రొమ్ముల గడ్డ ఉంది సార్. నొప్పయితే లేదు. ఏమన్న అయితదా?" అని అడిగింది. నొప్పి లేకపోయినా వెంటనే చూపించుకోవాలనీ, తొందరగా పట్టుకుంటే నయం చేయొచ్చనీ ఆయన చెప్పాడు. అదే కార్యక్రమం చూస్తున్న పక్కింటామె గొంతు గుర్తుపట్టి పరుగెత్తుకొచ్చింది.

"నాకెప్పుడు గడ్డ లేసింది వదినా, టీవీల సెప్పినవ్?"

"ఉందో లేదో సూపెట్టుకుందాం పా" అని పెద్దమ్మ ఆమెను సూర్యాపేట దవాఖానకు తీసుకుపోయింది. ఆమెకేమీ లేదన్నారు. ఆ సంగతి చెప్పుకుని పెళ్లిళ్లలో ఎంత నవ్వామో.

గడ్డ పెద్దమ్మకే ఉంది.

పోయిన నెల మంచం పక్కన కూర్చుని, "ఆయన అంత వివరంగ చెప్పిండు గదా, నువ్వెందుకు చూపెట్టుకోలేదు పెద్దమ్మా?" అని ఏడ్చాను. ఆమె నా చెయ్యి నిమిరింది.

"డాక్టర్ ఆదివారం అరగంట వస్తడు బిడ్డా. సీరియల్ రోజూ వస్తది. దాంట్ల ఆ రోగం పేరు బయటపడ్డంక బతికినోళ్లను నేను సూడలె. పేరు తెల్వకుంటే ఇంకొన్ని దినాలు ఉంటననుకున్న."

ఆ సీరియళ్లు నేనూ చూశాను. ఆమె పక్కనే కూర్చుని, చచ్చిపోయే ఆ హీరోయిన్ల కోసం కన్నీళ్లు పెట్టుకున్నాను కూడా.

దినం నాడు పక్కింటామె నన్ను పట్టుకుని ఒకటే ఏడ్చింది. "ఆనాడు దవాఖానల నన్ను లోపలికి పంపి, నా సంచి పట్టుకోని బయట బల్ల మీద కూసుంది. నర్సమ్మ వచ్చి, నువ్వు గూడ సూపెట్టుకుంటవా అమ్మా అని అడిగింది. నేను ఈమెకు తోడొచ్చిన అన్నది మీ పెద్దమ్మ."

అప్పటినుంచి నాకు ఆ బల్లే కనిపిస్తోంది. వేరొకరి సంచిని రెండు చేతులా గుండెకు అదుముకుని, తెరిచి ఉన్న తలుపు వైపు చూస్తూ మా పెద్దమ్మ కూర్చుని ఉంది.