బాబాయి మెరుగుపరచిన సైకిలు

కొన్న వస్తువును కొన్నట్టు ఉంచుకోవడం మా బాబాయికి చేతకాదు. లోకంలో ప్రతి వస్తువునూ చేసినవాడు సగంలో లేచి భోజనానికి వెళ్ళిపోయాడనీ, మిగతా సగం తనకోసం వదిలేశాడనీ ఆయన నమ్మకం. ఆయన మెరుగుపరచిన టేబులు ఫ్యాను గాలి విసరడం మానేసి గదిలో నడవడం నేర్చుకుంది. ఆయన మెరుగుపరచిన గడియ పిన్నిని స్నానాలగదిలో పూటంతా బంధించింది. బయటపడ్డాక పిన్ని మర్నాటిదాకా ఆయనతో మాట్లాడలేదు. దాన్ని కూడా బాబాయి మెరుగుదల కిందే జమకట్టాడు.

అలాంటి మనిషి కొండలెక్కే సైకిలు కొన్నాడు. ఆ రకంలో అన్నిటికన్నా చవకది.

కొన్న సమయం మాత్రం అస్సలు మంచిది కాదు. బాబాయికి సొంత అన్న, మా పెదనాన్న, పనిచేసే మిల్లు మూతపడింది. చివరికి ఊరవతల కొండమీద రాళ్ళ క్రషరులో స్టోరు చూసే పని దొరికింది. ఆ దారిన బస్సు లేదు. అరిగిన మోకాలితో కొండెక్కేసరికి రోజూ ఆలస్యమే. ఇంకోసారి ఆలస్యమైతే ఇక రానక్కర్లేదని మేనేజరు చెప్పేశాడు. సాయం చేస్తానని బాబాయి వెళ్తే పెదనాన్న గుమ్మంలోనే నిలబెట్టాడు. "నీకు చొక్కాలు కొనిచ్చిన చెయ్యిరా ఇది. దీన్ని నీ ముందు చాపమంటావా?" అని తలుపేశాడు. ఆ చప్పుడు వీధంతా విన్నది.

ఆ వెంటనే ఈ సైకిలు. అన్న కుంటుకుంటూ నడుస్తుంటే తమ్ముడికి షికార్లా అని బంధువర్గం ఏకగ్రీవంగా దుమ్మెత్తిపోసింది.

"ఇంటికీ ఆఫీసుకీ మధ్య కొండెక్కడుందండీ?" అంది పిన్ని.

"కొండలు చెప్పి రావే."

మెరుగుదల పెడళ్ళతో మొదలైంది. "నాసిరకం. పాతకాలపు ఇనుము ముందు ఇవేపాటి?" అంటూ ఆయన కొత్తవి ఊడదీసి ప్రహరీగోడ మీద పెట్టాడు. పాతసామాన్ల దుకాణంలో ఏరి తెచ్చినవి బిగించాడు. తొక్కితే అవి తోక నలిగిన పిల్లిలా అరిచాయి.

పెదనాన్నకొక బలహీనత ఉంది. పనికొచ్చే ముక్కను పారేస్తే చూడలేడు. దారిలో మేకు కనబడినా, మోకాలు మొత్తుకుంటున్నా, వంగి జేబులో వేసుకుంటాడు. పనికి వెళ్తూ ఆయన మా గోడ దగ్గర ఆగాడు.

"ఏరా, బంగారంలాంటి పెడళ్ళు గోడమీద పడేశావేం?"

"చెత్త అన్నయ్యా. ఎవరైనా పట్టుకుపోతే పీడా పోతుంది."

"నీ బుద్ధే చెత్త!" అని పెదనాన్న వాటిని సంచిలో వేసుకున్నాడు. తలుపేసిన తర్వాత అన్నదమ్ముల మధ్య నడిచిన మొదటి మాటలివి. తిట్లే, కానీ మాటలే.

తర్వాత సీటు నాసిరకమని తేలింది. ఆపైన చైను, గేర్లు, చక్రాలు. సైకిలు మెరుగవుతున్నకొద్దీ బాబాయి దాన్ని నడిపించుకుంటూ ఆఫీసుకు వెళ్ళడం ఎక్కువైంది. బ్రేకులు మెరుగైన రోజున వీధి చివర చెత్తకుండీ అడ్డుపడి ఆయన్ను ఆపింది.

"కొన్నప్పుడు బాగానే ఉందిగా ఈ ముదనష్టపు సైకిలు!" పిన్ని ఆయన మోచేతికి మందు రాస్తూ ఏడ్చినంత పనిచేసింది.

"బాగుండటం వేరు, మెరుగవడం వేరు."

ఆఖరికి ఫ్రేము. దాని రంగు కంటికి ఆనట్లేదట.

"రంగు నచ్చకపోతే రంగేయించుకోండి! ఎముకల గూడే పీకేస్తారా?"

పీకేశాడు. గోడకు ఆనించిన ఫ్రేము సాయంత్రానికి మాయమైంది.

కొన్నాళ్ళకు, పొద్దున్నే నేను కాఫీ తాగుతుండగా గేటు దగ్గర బెల్లు మోగింది. పెదనాన్న! సైకిలు మీద! నిగనిగలాడుతోంది, ఎక్కడా కిర్రుమనడం లేదు. ఆయన దిగి, గోడవారన తుప్పుపట్టి నిలబడ్డ మా సైకిలును తనివితీరా చూశాడు.

"చూశావట్రా? నువ్వు పారేసిన చెత్తతో నేను చేసుకున్నది ఇది. డబ్బుపోసి నువ్వు చేసుకున్నది అది! సైరను మోగకముందే స్టోరు తాళం తీస్తున్నా. ఆ మేనేజరు మొహం చూడాలి!"

"నీ చెయ్యి వేరు అన్నయ్యా," అన్నాడు బాబాయి వినయంగా.

పిన్ని ఏదో అనబోయి నోరు తెరిచింది. ఆవిడ చూపు ఆ పెడళ్ళ మీదినుంచి సీటుకు, సీటు మీదినుంచి చక్రాలకు పాకింది. దుకాణం నుంచి మా ఇంటికొచ్చిన సైకిలు ముక్కముక్కగా గోడ దాటి బావగారి చేతిలో ఉంది. తెరిచిన నోరు మూసుకుంది. మా వంశంలో ఇది అపూర్వం.

పెదనాన్న సైకిలెక్కి, ఒక కాలు నేలమీదే ఉంచి, రోడ్డువైపు చూస్తూ అన్నాడు:

"ఒరే, ఆ ముందు లైటు ఇంకా నీ దగ్గరే ఉన్నట్టుంది."

"ఉంది అన్నయ్యా."

"అదెప్పుడు చెత్తవుతుంది? కొండమలుపులో పొద్దున్నే చీకటిగా ఉంటోంది."

బాబాయి లైటు వంక గంభీరంగా చూశాడు. "నాసిరకం. నేనూ అదే అనుకుంటున్నా."

ఆయన లేచేలోపే పిన్ని స్పానరు తెచ్చి చేతిలో పెట్టింది.

"ఆ గాలిపంపు కూడా ఉత్త దండగ బావగారూ," అంది. "నేను మొదట్నుంచీ మొత్తుకుంటూనే ఉన్నా."