గాజుల తాజుద్దీన్ నవ్వు

నాకు కోపం ఎక్కువ. ముప్పై ఏళ్లు నర్సుగా చేసినా అది తగ్గలేదు. సూది చూసి మంచం కింద దూరే పెద్దమనుషుల మీద కోపం. నడి ఎండాకాలంలో టీకాలు పంపి, వాటిని చల్లగా ఉంచడానికి మంచు పంపని పైవాళ్ల మీద కోపం. తాజుద్దీన్ చాచా గుర్తొచ్చినప్పుడు వచ్చే కోపం మాత్రం నా మీద నాకే. ఆయనకు పట్టిన జబ్బు ఐదేళ్లపాటు ఎవరి కంటా పడకుండా చేసింది నేనే, నా చేతిరాతతోనే.

1982లో మోత్కూర్ నుంచి మర్రిగూడకు బదిలీ మీద వచ్చాను. వచ్చిన వారంలోనే భుజాన గాజుల మలారం వేసుకుని ఆయన నా గుమ్మంలోకి వచ్చాడు. యాభై ఏళ్ల మనిషి, సన్నగా, నిటారుగా ఉన్నాడు.

"నర్సమ్మ చేతులే గిట్ల బోసిగుంటె ఊరికి సూదులెట్ల పడ్తయి బిడ్డా? కూసో," అన్నాడు.

ఆయన గాజులు తొడిగే పద్ధతి వేరు. ముందు చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుని, బొటనవేలు అరచేతిలోకి మడిచి, కణుపులు మెత్తబడేదాకా నెమ్మదిగా ఒత్తేవాడు. ఒత్తుతూ ఒక మాట అనేవాడు. మనం నవ్వేలోపల గాజు మణికట్టు దాటిపోయేది. ఆ మాటలు ఎక్కువగా ఆయన భార్య ఇక్బాల్ బీ మీదే ఉండేవి. "మా ఇంట్ల మొగోళ్లు ఇద్దరే. ఒకటి మా బీ, ఇంకోటి మా మేకపోతు. నేను వట్టిగ గాజులమ్ముకునెటోన్ని," అని ఆయన నవ్వితే, కళ్లు, చెవులు, మెడ నరాలు, అన్నీ నవ్వేవి.

ఈ మాటలన్నీ ఇక్బాల్ బీకి చేరేవి. సాయంత్రం ఆయన ఇంటికి రాగానే, "నన్ను బదునాం జేసుకుంట గాజులమ్ముతవా?" అని వీధి వీధంతా వినేటట్టు తిట్టేది. ఆయన నవ్వేవాడు. ఆ నవ్వు చూసి ఆమెకు ఇంకా ఒళ్లు మండేది, ఆ తర్వాత ఆమె కూడా నవ్వేది. పక్క సందులో కిరాయికి ఉండే నేను రోజూ వినేదాన్ని. పెళ్లి కాని దాన్ని కాబట్టి కొంచెం కుళ్లుకునేదాన్ని కూడా.

1986 మొదట్లో ఫ్లోరైడ్ లెక్కల పని నా మెడకు చుట్టారు. మర్రిగూడ బోరు నీళ్ల సంగతి అందరికీ తెలిసిందే. ఆ నీళ్లు తాగీ తాగీ ఎముకలు బిగుసుకుపోయి, నలభై ఏళ్లకే నడుములు వంగిపోయిన మనుషులు ఇంటికొకరుండేవాళ్లు. ఇల్లిల్లూ తిరిగి మూడు పరీక్షలు చేయాలి. మోకాళ్లు వంచకుండా కాలివేళ్లు ముట్టుకోమనాలి, గడ్డం ఎదకు ఆనించమనాలి, చేతులు వెనక్కి పెట్టి తల వెనక భాగం పట్టుకోమనాలి. తాజుద్దీన్ చాచా మూడూ చేయలేకపోయాడు. అప్పటికే కాస్త ముందుకు వంగి, అడుగులో అడుగు వేస్తూ నడుస్తున్నాడు. నడిచేటప్పుడు కుడి చెయ్యి ఊగడం లేదు. అది నేను చూశాను. చూసి కూడా రిజిస్టరులో ఆయన పేరుకెదురుగా 'ఫ్లోరైడ్' అని రాసి, కాల్షియం మాత్రలు చేతిలో పోసి, బోరు నీళ్లు తాగొద్దని చెప్పాను. వేరే నీళ్లు ఎక్కడున్నాయో మాత్రం చెప్పలేదు. నాకూ తెలియదు.

మా దగ్గర వంగిన నడుమును చూసి ఎందుకని ఎవరూ అడగరు. నేనూ అడగలేదు.

ఇంకో ఏడాదికి కొత్తది మొదలైంది. చెయ్యి ఊరికే ఉన్నప్పుడల్లా ఆయన కుడి బొటనవేలు చూపుడువేలి మీద తిరుగుతూ ఉండేది, గుండ్రంగా, ఆగకుండా. గాజు పట్టుకుంటే ఆగేది, వదిలితే మళ్లీ తిరిగేది. మసీదు అరుగు మీద కూర్చున్నవాళ్లు చూసి, "తాజుద్దీన్ సాబ్‌కు అల్లా మీద మనసు వడ్డది. పూసలు లేకుండనే తస్బీ తిప్పుతాండు," అన్నారు. తస్బీ అంటే దేవుణ్ణి తలుచుకుంటూ లెక్కపెట్టుకునే పూసల దండ. ఆ మాట ఊరంతా పాకింది. పెద్ద భక్తుడైపోయాడని చిన్నవాళ్లు లేచి సలాం చేయసాగారు. ఆయన కాదనలేదు. చెయ్యి తన మాట వినడం లేదని చెప్పుకోవడం కంటే భక్తుడనిపించుకోవడమే నయమని ఊరుకున్నాడట. ఇది నాకు ఆయనే చెప్పాడు, చాలా ఆలస్యంగా.

అదే రోజుల్లో నవ్వు పోయింది. ఒక్కరోజున కాదు, బావిలో నీళ్లు దిగినట్టు కొంచెం కొంచెంగా. మాటా తగ్గింది, గొంతూ తగ్గింది. గాజులు తొడిగితే ఒక్కో చేతికి గంట పట్టేది. ఆడవాళ్లు ఓపిక పట్టలేక ఇక్బాల్ బీనే తొడగమనేవాళ్లు. మలారం ఆమె భుజానికి మారింది. ఆయన అరుగు మీద రెప్ప వేయకుండా కూర్చునేవాడు. ఆమె తిట్టినా మొహంలో ఏ కదలికా ఉండేది కాదు. నవ్వేవాడు నవ్వకపోతే తిట్టేవాళ్లకు ఎంత కష్టమో నేనప్పుడే చూశాను. మెల్లగా ఆమె తిట్టడమే మానేసింది.

"దేవుని దిక్కు వోయిండు నర్సమ్మా. మంచిదే. గని నా దిక్కు సూస్తలేడు," అంది నాతో ఒకసారి. నేను ఏదో సర్ది చెప్పి పంపాను.

వాళ్లకు ఒక్కతే కూతురు, జాహేదా. జడ్చర్లలో ఇచ్చారు. తొమ్మిదేళ్లు పిల్లల్లేక తిరగని దవాఖాన లేదు, మొక్కని దర్గా లేదు. 1990లో కొడుకు పుట్టాడు. నలభై రోజులు దాటాక పిల్లవాణ్ణి ఎత్తుకుని రెండు బస్సులు మారి వచ్చింది. టీకా వేయడానికి నేనూ అక్కడే ఉన్నాను. జాహేదా నేరుగా తండ్రి దగ్గరకు పోయి, "బాపూ, సూడు," అని పిల్లవాణ్ణి ఒళ్లో పెట్టింది.

ఆయన చూశాడు. గోడను చూసినట్టు చూశాడు. మొహంలో గీత కదల్లేదు, కంటి రెప్ప వేయలేదు. ఏదో గొణిగాడు కానీ పక్కనే ఉన్న నాకే వినపడలేదు. జాహేదా ఎంతోసేపు ఆయన మొహంలోకి చూసి, పిల్లవాణ్ణి తీసుకుని వంటింట్లోకి పోయి వెక్కి వెక్కి ఏడ్చింది. నాకు ఆ ముసలాయన్ని పట్టుకుని కుదపాలనిపించింది.

ఇక్బాల్ బీ ఏడవలేదు. ఆ రోజు నుంచి ఆయనతో మాట్లాడటం మానేసింది. కంచం ముందు పెట్టి లేచిపోయేది. చలికాలం వచ్చేసరికి ఒక నిర్ణయానికి వచ్చింది. "నేను జడ్చర్ల పోత. బిడ్డ దగ్గరనే ఉంట. ముప్పై ఐదేండ్లు చేసిన. నా మీద ప్రేమ లేకపోతె పాయె, గా పసిగుడ్డు మీద గూడ లేనోనితోని నాకేం పని? ఆయన తమ్ముని కొడుకు ఇంత అన్నం వెడ్తడు," అంది. సంచి కూడా సర్దుకుంది.

సరిగ్గా అప్పుడే ఫ్లోరైడ్ రోగులను చూడటానికి హైదరాబాద్ నుంచి డాక్టర్లు వస్తున్నారని కబురొచ్చింది. రిజిస్టరులో ఉన్నవాళ్లందరినీ బడికి తీసుకురావాలి. "గీ ఒక్క పని చేసి పోత," అని ఇక్బాల్ బీ ఆయన్ను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది.

వచ్చినవాళ్లలో ఒక నరాల డాక్టరమ్మ ఉంది. పొట్టి మనిషి, కళ్లజోడు. పొద్దుటి నుంచి వంగిన వీపులు చూసీ చూసీ అలసిపోయి, చాచా వీపు మీద కూడా చెయ్యి వేసి నా రిజిస్టరు మీద టిక్కు పెట్టబోయింది. ఇక్బాల్ బీ ఆగలేకపోయింది.

"నడుము సంగతి మాకెరుకనే డాక్టరమ్మా. గా మొకం సంగతి జెప్పు. మనుమడిని ఒళ్లె పెడితె నవ్వలే. ఎప్పుడు జూసినా తస్బీ తిప్పుడే. మనిషి రాయైపోయిండు."

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టింది. కుర్చీ జరుపుకుని ఆయన ఎదురుగా కూర్చుని, ఆయన మొహాన్నే చూస్తూ ఉండిపోయింది. తర్వాత చేతులు ఒళ్లో పెట్టుకోమని, నూరు నుంచి వెనక్కి లెక్క చెప్పమంది. నూరు, తొంభై తొమ్మిది, తొంభై ఎనిమిది అని ఆయన సన్నగా మొదలుపెట్టగానే బొటనవేలు ఇంకా జోరుగా తిరగసాగింది.

"నోటితో ఒక లెక్క చెబుతూ వేలితో ఇంకో లెక్క పెట్టగలరా ఎవరైనా? ఇది తస్బీ కాదమ్మా. వణుకు," అందామె.

ఆయన మోచేతిని వంచి చాపింది. అది సాఫీగా రాకుండా, తుప్పు పట్టిన గిలక మీద చేదతాడు వచ్చినట్టు ఆగి ఆగి వచ్చింది. వాసనలు తెలుస్తాయా అని అడిగింది. "పప్పు మాడి ఇల్లంత కంపు గొట్టినా కూసున్న కాడి నుంచి లేవకపోయె. ఎన్నో ఏండ్లాయె," అంది ఇక్బాల్ బీ. డాక్టరమ్మ నా వైపు తిరిగి, "నీళ్లు ఎముకల్ని కొంత పాడు చేసి ఉండొచ్చు సిస్టర్. కానీ నీళ్లు మనిషి మొహంలోంచి నవ్వు తీసుకుపోవు. ఇది పార్కిన్సన్ జబ్బు," అంది. నేను తల దించుకున్నాను.

ఆ తర్వాత ఆమె ఇక్బాల్ బీకే చెప్పింది, తీరిగ్గా, బయట అంత వరస ఎదురు చూస్తున్నా. మెదడు అడుగున ఇటొకటి అటొకటి నల్లటి చారలు ఉంటాయట. ఒళ్లు కదలడానికి కావలసిన ఒక మందు అక్కడి కణాల్లోనే తయారవుతుంది. ఆ కణాలు ఒక్కొక్కటే చచ్చిపోతాయి. చెయ్యి వణికే నాటికే చాలా వరకు పోయి ఉంటాయి. "మేం చదువుకునేటప్పుడు చనిపోయిన వాళ్ల మెదళ్లు రెండు కోసి పక్కపక్కన పెట్టి చూపించారు. ఒకదానిలో కంటికి సుర్మా పెట్టినట్టు నల్లగా ఉంది. ఈ జబ్బు మనిషిదాంట్లో ఆ సుర్మా తుడిచేసినట్టు తెల్లబోయి ఉంది. మిగిలిన కొద్ది కణాల్లో కూడా ఏవో ఉండలు కట్టి ఉంటాయి, సూక్ష్మదర్శినిలో చూస్తే కనిపిస్తాయి. బతికున్న మనిషిలో అదంతా చూడలేం. చెయ్యి, నడక, మొహం చూసి తెలుసుకోవడమే. నవ్వు లోపల పుడుతుందమ్మా. దాన్ని మొహం దాకా తెచ్చేది ఎండిపోయింది."

ఇక్బాల్ బీ భర్త మొహం వైపు చూసింది. తర్వాత మెల్లగా, "ఎందుకొస్తది గిది? నేను తిట్టినందుకొచ్చిందా?" అని అడిగింది.

"తిట్లకే వస్తే దేశంలో మొగుళ్లందరికీ రావాలి కదమ్మా," అని డాక్టరమ్మ నవ్వి, మళ్లీ నవ్వు ఆపేసింది. "నిజంగా ఎందుకో మాకూ తెలియదు. వయసంటారు, వంశమంటారు, పురుగుల మందంటారు. మీవల్ల మాత్రం కాదు."

అప్పుడు ఇక్బాల్ బీ లేచి, అంతమంది ముందు, భర్త నోటి దగ్గర చెవి పెట్టింది. "పిల్లగాన్ని ఒళ్లె పెట్టిననాడు ఏమన్నవు?" అని అడిగింది. ఆయన చెప్పడానికి చాలాసేపు పట్టింది. బడి గది మొత్తం నిశ్శబ్దంగా ఉంది కాబట్టి నాకూ వినపడింది.

"నీ లెక్కనే ఉన్నడు అన్న. మస్తు నవ్విన. నువ్వు తిట్టినప్పుడు గూడ నవ్విన, రోజూ. బయటికి రాలే గంతే. ఎందుకు బందు జేసినవు తిట్టుడు?"

ఆమె అక్కడే నేల మీద కూలబడి ఏడ్చింది. నేనూ ఏడ్చాను. రిజిస్టరు తడిసింది.

డాక్టరమ్మ రాసిన మాత్ర హైదరాబాద్ నుంచి తెప్పించాను. అన్నానికి అరగంట ముందు వేయాలి. మందు పనిచేస్తే జబ్బు పేరు రూఢి అయినట్టేనని ఆమె చెప్పింది. మూడో వారంలో ఆయన తనంతట తానే నడిచి నా గది దాకా వచ్చాడు. నేను చేసిన తప్పు ఒప్పుకుని క్షమించమన్నాను. "ఐదేండ్ల సంది ఎవలడిగినా నీ పేరే జెప్పిన బిడ్డా. నర్సమ్మ జెప్పింది, నీళ్లే అని. నీ మాట మీద గంత నమ్మకం," అన్నాడు ఓదారుస్తున్నట్టు. అంతకంటే తిట్టి ఉంటే నాకు బాగుండేది. ఆ వారమే ఇక్బాల్ బీ సర్దిన సంచి పట్టుకుని జడ్చర్ల పోయింది, ఆయన్ను వెంటబెట్టుకుని. పది రోజులుండి ఇద్దరూ తిరిగొచ్చారు.

నాలుగేళ్లు బాగానే గడిచాయి. తర్వాత మాత్ర పట్టు తగ్గుతూ వచ్చింది. వేసిన గంటకే దిగిపోయేది, లేదంటే ఒళ్లంతా మెలికలు తిరిగేది. మోతాదు మార్చి మార్చి చూశారు. 1997 చలికాలానికి ఆయన మంచం దిగలేకపోయాడు. గొంతు పూర్తిగా పోయింది. చెవి పెట్టినా ఏమీ వినపడేది కాదు.

ఒకరోజు మధ్యాహ్నం చూసిపోదామని వెళ్తే వీధి మొదట్లోకే ఇక్బాల్ బీ గొంతు వినపడింది. ఆయన తల ఒళ్లో పెట్టుకుని చెంచాతో జావ పోస్తూ, నోటికొచ్చినట్టు తిడుతోంది. జావ మింగడానికి ముహూర్తం చూసుకుంటున్నావా అని, నీకంటే మేకపోతు నయమని, నన్ను నీకిచ్చిననాడే మా నాయినకు కళ్లు పోయినయని, ఇంకా చాలా. నా కోపం సంగతి చెప్పాను కదా. గుమ్మంలోంచే అరిచాను.

"ఏంది చాచీ ఇది? ఇంత అధ్వానంగ ఉన్న మనిషిని పట్టుకొని గట్ల తిడ్తరా ఎవరన్న?"

ఆమె తల ఎత్తకుండానే చేత్తో ఆగమని సైగ చేసింది.

"జర ఊకో నర్సమ్మా. నవ్వుతాండు," అంది.

నేను ఆయన మొహం చూశాను. అందులో ఏమీ లేదు. ఆమె ఇంకో చెంచా జావ పోసి, ఆపిన చోటి నుంచి మళ్లీ తిట్టడం మొదలుపెట్టింది.