వదినకు పడని ఎంగిలి

పొద్దున్నే వదిన ఫోన్ చేసింది. "ఆదివారం మళ్ల గా తపస్ హోటల్‌కు పోదామా? ఆపాకు నువ్వు జెప్పు" అంది. నాకు ఒళ్లు మండిపోయింది.

వదినా, ఆపా నాకు చుట్టాలేమీ కారు. కరీంనగర్‌లో ఒకే బడిలో పాఠాలు చెప్పి రిటైరైన ముగ్గురం, పిలుపులే వరసలయ్యాయి. ముస్లింల ఇళ్లలో అక్కను పిలిచే పిలుపే ఆపా. మా వీధి చివర ఆ హోటల్ పెట్టిన కొత్తలో వదిన బోర్డు చూసి, "తపస్ అంటే తపస్సే గదా, ఉల్లిగడ్డ గూడ ముట్టని హోటల్ గావచ్చు" అని తేల్చేసింది. ఆమె శనివారాలు నీసు ముట్టదు. సరైన చోటు దొరికిందని ఓ శనివారం మమ్మల్ని తీసుకుపోయింది. కూర్చున్నాక తెలిసింది, తపస్ అంటే అదేదో పరదేశపు పద్ధతి. చిన్న చిన్న ప్లేట్లలో ప్లేటుకో రకం తెచ్చి నడుమ పెడతారు, అందరూ పంచుకు తినాలి. ఉల్లిగడ్డా ఉంది, కోడీ ఉంది. ఆపా నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంది. మేం నీసు లేనివే చెప్పాం. ముందు ఆలుగడ్డలొచ్చాయి, తర్వాత సర్వప్ప. సర్వ గిన్నెకు వత్తి కాల్చే మన బియ్యప్పిండి రొట్టెనే బొటనవేలంత ముక్కలు కోసి, పైన తెల్లటి సాసు చుక్క పెట్టారు. మా అవ్వ చూసి ఉంటే వంటవాడి నెత్తిన సర్వ బోర్లించేది.

ఆపా అప్పుడే చేతులు కడుక్కుని వచ్చింది. ఒక ముక్క నా ప్లేట్లో వేసి, ఇంకోటి వదినకు అందించబోయింది. వదిన ప్లేటు వెనక్కి లాక్కుంది. సర్వర్‌ను పిలిచి, "నాకు వేరే తేండ్రి. ఎంగిలి నాకు పడది" అంది. ఆపా ఇంకా ఏదీ నోట పెట్టనే లేదు. ఆమె చేతులు కడుక్కునే లోపల, నేను సగం కొరికిన ఆలుగడ్డను నా ప్లేట్లోంచి తీసుకుని తిన్నది ఈ వదినే!

ఎంగిలట, ఎంగిలి! బడిలో ఉన్నన్నాళ్లూ ఆపా డబ్బా మూత తీయగానే ఖట్టీ దాల్ సగం లాగించింది ఎవరు? జ్వరమొచ్చినప్పుడు ఆపా కాచి తెచ్చిన జావ ఎవరు తాగారు? అప్పుడు లేని ఎంగిలి ఇప్పుడెక్కడి నుంచి ఊడిపడింది? పొద్దస్తమానం ఫోన్లో ఎవరెవరో పంపే చెత్త చదువుతుంటుంది, అదే తలకెక్కింది. నేను అక్కడే గట్టిగా అడిగాను, "ఆపా చెయ్యి ఎంగిలెట్లయితది?" అని. చివరికి ఆపానే నన్ను ఊరుకోబెట్టింది. "ఊకో చెల్లె, అందరు చూస్తున్నరు" అని, చాచిన చేతిలోని ముక్కను తానే తినేసింది. ఆ తర్వాత ఆమె మాతో ఎక్కడికీ రాలేదు. మోకాళ్ల నొప్పి అంటుంది. మార్కెట్లో బత్తాయిలు బేరమాడుతూ చకచకా నడవడం నేను చూశాను.

అందుకే ఫోన్లో అనేశాను. "ఆపాకు నువ్వే ఫోన్ జెయ్యి. మొదలు తప్పయిందని జెప్పు."

వదిన నవ్వింది. "ఇంక గదే పట్టుకున్నవా? ఎన్నటి ముచ్చట!"

ఎన్నటిదో అట. వదినకు ఆ రోజు ఎప్పుడో గడిచిపోయింది. ఆపా చెయ్యి మాత్రం ఇంకా ఆ బల్ల మీద చాచే ఉంది.