తొక్కనివ్వని పట్నం

ప్రపంచ యుద్ధం ఇంకా నడుస్తున్న రోజుల్లో, మా గురువు పోయిన మరుసటి ఏడు, గౌలిపుర బస్తీ పాలవాళ్లంతా కలిసి ఆయన పేరు మీద మల్లన్న పండుగ చేశారు. ఆయన ఒగ్గు కథ చెప్పేవాడు. డోలు వాయించేది ఆయనే, పాడేది ఆయనే. పండుగనాడు పసుపు, కుంకుమ, బియ్యప్పిండి, ఆకుపొడి, బొగ్గుపొడితో నేల మీద పట్నం వేసేదీ ఆయనే. ఆ ముగ్గులోకి దేవుణ్ణి పిలిచి, రాత్రంతా కథ చెప్పి, చివరికి దాన్ని తొక్కి చెరిపేస్తేనే మొక్కు తీరినట్టు.

జబ్బుపడ్డప్పుడు మొక్కుకున్న పట్నం వేయకుండానే ఆయన పోయాడు. దాన్ని శిష్యుడినైన నేను వేయాలని, మొదటి అడుగు ఆయన భార్య వేయాలని పెద్దలు చెప్పారు. ఆమె నాకు వరసకు అత్త. "ఆయన మొక్కు నా కాళ్లతోటి తీరాలె బిడ్డా" అని కనబడ్డప్పుడల్లా అనేది.

పొద్దుటినుంచి వంగి వేశాను. అంత బాగా అంతకు ముందెప్పుడూ రాలేదు. మా దగ్గర పాలు పోయించుకునే హుస్సేనీ ఆలం బస్తీ దర్జీ ఒకాయన వచ్చి చాలాసేపు చూశాడు.

"కాలీన్, అదే తివాచీ, పరిచినట్టున్నది భాయ్. దీన్ని తొక్కుతరా? దిమాగ్ ఉన్నదా మీకు?"

"గంత ఫికరైతే నీ మిషిన్ కింద పెట్టి కుట్టుకపో" అన్నాడు డోలు కొట్టేవాడు. అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. దర్జీ అన్న మాట నాలో ఉండిపోయింది.

తెల్లవారుజామున కథ ముగిసింది. డోలు జోరందుకుంది. అత్త కాళ్లు కడుక్కొని వచ్చింది. నేను అడ్డంగా నిలబడ్డాను.

"గీ ఒక్కటి ఉండనియ్యి అత్తా. గురువు యాదికి."

"ఎవలి యాదికిరా? బతుకంత తొక్కెటందుకే ఏసిండు. ఒక్కటన్న దాసుకున్నడా?"

"గాయినకు తెల్వలె, ఎంత గొప్ప పనో."

అన్నది ఆయన గురించి. నా కళ్ల ముందున్నది నా ముగ్గు. డోలు ఆగింది. పండుగనాడు లొల్లి ఎందుకని పెద్దలు ఊరుకున్నారు. అత్త రంగు అంటని కాళ్లతో ఇంటికి వెళ్లిపోయింది.

కాసేపటికి బర్రెలను నీళ్లకు తోలారు. అవి రోజూ పోయే దారిలోనే పోయాయి, పట్నం మీదుగా. నేను గోడకు ఆనుకొని చూస్తూ ఉండిపోయాను. అదిలించడానికి చెయ్యి లేవలేదు. కోపం రాలేదు, ఏడుపూ రాలేదు.

అత్త ఇంటికి వెళ్లాను. పిడకలు కొడుతోంది.

"పట్నం పోయింది అత్తా. బర్రెలు తొక్కినయి."

"బర్రెల మొక్కు కాదు గద బిడ్డా అది."

"మల్ల ఏస్త."

"ఏసుకో. గా పట్నం నీదైతది."

మరో పిడక గోడకు చరిచింది. నేను ఇంటికి వచ్చి గోళ్లలో ఇరుక్కున్న పసుపు కడుక్కున్నాను.

తర్వాత చాలా పట్నాలు వేశాను. అన్నిటినీ తొక్కించాను. ప్రతిసారీ డోలు జోరందుకునే ముందు అత్తకు కబురు పంపేవాణ్ణి. ఆమె ఏ ఒక్కదానికీ రాలేదు.